ఇసుక సముద్రమును దాటిన మోటారు బండ్లు

జరుగని పనికి ఉపమానము చెప్పవలసినప్పుడు మన పెద్దలు ఇసుకను తలచుకొనుట పరిపాటి. ఇసుకనుండి నూనె తీయుట, ఇసుకతో తాడు పేనుట, ఇసుకపై మేడ కట్టుట - ఇవన్నియు అసాధ్యమునకు పేర్లే. ఇసుకకు పట్టు లేదు, నిలుకడ లేదు; పిడికిలి బిగించినకొలది వ్రేళ్ల సందులనుండి జారిపోవును. వేసవిలో పెన్న యెండినప్పుడు ఏటి నడుమ దిగబడిన యెడ్లబండిని చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఎడ్లు రొప్పుచుండును, బండివాడు చక్రమునకు భుజమానించి త్రోయుచుండును, బండి మాత్రము అంగుళమైనను కదలదు. అట్టి ఇసుక కొండలై పెరిగి, ఆ కొండలు వందలకొలది మైళ్లు వరుసలు తీరియున్నచోట మోటారు కారులను నడుపుకొని పోవచ్చునని 1920వ సంవత్సరమున ఎవరైన అనియుండినచో, తెలిసినవారు నవ్వి ఊరకుండెడివారు. పదియేండ్లు గడచునంతలో కొందరు మిత్రులు తమ సొంత డబ్బుతో, కొలువులో దొరకిన సెలవులలో, ఆ పని చేసి చూపిరి. వారు పోయినది రాజ్యము గెలుచుటకు కాదు, ధనము తెచ్చుటకు కాదు. అయినను వారి విహారమునుండి ఒక యుద్ధతంత్రము పుట్టినది. ఒక శాస్త్రము పుట్టినది. ఆ శాస్త్రము నేడు అంగారక గ్రహము వరకు ప్రాకినది.

ఈజిప్టు దేశపు పడమటి భాగమును, లిబియా దేశపు తూర్పు భాగమును ఆక్రమించియున్న మరుభూమిని భూగోళ శాస్త్రజ్ఞులు లిబియా ఎడారి అందురు. సహారాలో ఇది ఒక భాగమే అయినను, వర్షము లేమియందు దీనిని మించినది భూమిమీద అరుదు. ఇందు సీవా ఒయాసిస్సునకు దక్షిణముగ మహా ఇసుక సముద్రము అను ప్రదేశము కలదు. దాని పొడవు సుమారు 650 కిలోమీటర్లు. వైశాల్యము సుమారు 72,000 చదరపు కిలోమీటర్లు. అచటి దిబ్బలు కొన్ని నూరు మీటర్ల యెత్తు పెరిగియున్నవి. గాలి ఉత్తరమునుండి వీచుచుండుటచే దిబ్బలన్నియు ఇంచుమించు ఉత్తర దక్షిణములుగ బారులు తీరి, ఒక్కొక్క బారు ఎడతెగక పోవుచుండును. కావున ఉత్తరమునుండి దక్షిణమునకు పోవువాడు రెండు బారుల నడిమి లోయవెంట పోవచ్చును గాని, తూర్పునుండి పడమరకు పోదలచినవాడు ప్రతి బారును ఎక్కి దిగవలసినదే. ఒకటి దాటినంతనే మరియొకటి ఎదురై నిలుచును.

ఈ కష్టమును మొదట అనుభవించి లోకమునకు తెలిపినవాడు గెర్హార్డ్ రోల్ఫ్స్ అను జర్మను యాత్రికుడు. 1874లో అతడు ఒంటెల బిడారుతో దఖ్లా ఒయాసిస్సునుండి పడమరగా కుఫ్రాకు పోవలెనని బయలుదేరెను. కొన్నాళ్లు నడచునప్పటికి దిబ్బల బారులు అడ్డమైనవి. వానిని దాటించుటకు ఒంటెలకు శక్తి చాలదని గ్రహించి, తలపెట్టిన దిక్కు విడిచి, బారుల నడిమి లోయపట్టుకొని ఉత్తరముగ సీవాకు చేరుకొనెను. దారిలో ఒకచోట వానకు పేరైన లేని ఆ భూమిలో విచిత్రముగ వాన కురిసినది. అతడు ఆ తావునకు తన భాషలో వానపొలము అని పేరుపెట్టి, రాళ్లగుట్ట పేర్చి, తాను వచ్చినట్లు ఒక పత్రము వ్రాసి అందు దాచి పోయెను. ఎన్నో యేండ్లకుగాని మరియొక యాత్రికుని కంట ఆ పత్రము పడలేదు.

తరువాత ఏబదియేండ్ల వరకు ఇసుక సముద్రము పటములలో తెల్లని మచ్చగనే నిలిచియున్నది. 1923లో ఈజిప్టువాడైన అహమ్మద్ హసనేన్ సుమారు 3,500 కిలోమీటర్లు ఒంటెలతో ప్రయాణముచేసి, అర్కెను, ఊవెనాత్ అను కొండల సంగతి బయటి లోకమునకు తెలిపెను. ఆ ప్రయాణమున అతడు దిబ్బల సముద్రమును తప్పించుకొని కుఫ్రా మీదుగ పోయెను. ఈజిప్టు రాజకుమారుడు కెమాల్ ఎల్ దీన్ హుసేన్ గొలుసుపట్టాలుగల సిట్రోయెన్ బండ్లతో దక్షిణమున తిరిగి, 1926లో గిల్ఫ్ కెబీర్ అను మహాపీఠభూమికి ఆ పేరు పెట్టెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్ల సైన్యపు గస్తీదళములు ఫోర్డు కారులలో ఎడారి అంచులను చుట్టివచ్చినవి. గట్టినేలపై కారు నడచునని దీనివలన రుజువైనది. దిబ్బలమీద నడచునా అను ప్రశ్న మాత్రము మిగిలిపోయినది.

ఆ ప్రశ్నను పట్టుకొన్నవాడు రాల్ఫ్ ఆల్గర్ బాగ్నోల్డ్. 1896లో ఇంగ్లండున పుట్టి, సైన్యపు ఇంజనీరు శాఖలో చేరి, మొదటి యుద్ధమున పాల్గొని, పిదప కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదివి, 1920 దశకము నడుమ కెయిరో నగరమునకు ఉద్యోగముపై వచ్చెను. తోడి అధికారులు పోలో ఆటతోను, విందులతోను సెలవులు గడపుచుండగ, ఇతడును కొందరు మిత్రులును పాత ఫోర్డు కారులు కొని సినాయి ఎడారిలో త్రోవలేనిచోట్ల నడుపుట మొదలిడిరి. అది వేడుకగనే ఆరంభమైనది. అయితే వేడుకను సయితము లెక్కతో చేయుట బాగ్నోల్డ్ స్వభావము. కారు ఎందుకు దిగబడినది, ఎందుకు దిగబడలేదు అని ప్రతిసారి విచారించుట అతని అలవాటు. 1929, 1930, 1932 సంవత్సరములలో అతడు నడిపిన మూడు యాత్రలు ఎడారియానపు చరిత్రలో శాశ్వతముగ నిలిచినవి.

యాత్రకు ముందు తీర్చవలసిన చిక్కులు మూడు: నీరు, దిక్కు, చక్రము.

మొదటిది నీరు. ఎడారిలో మనిషికన్న ఇంజను ఎక్కువ దాహము గలది. మెత్తని ఇసుకలో తక్కువ గేరున లాగునప్పుడు రేడియేటరులోని నీరు మరిగి, ఆవిరియై గొట్టమునుండి బయటికి పోవుచుండును. మనుష్యులు త్రాగవలసిన నీటిని దినమునకు పలుమార్లు రేడియేటరులో పోయవలసివచ్చినచో యాత్ర సాగదు. దీనికి వారు చేసిన ఉపాయము బహు సులభమైనది. రేడియేటరు మూతిని గట్టిగ మూసి, ఆవిరి పోవు గొట్టమును బండి ప్రక్క బిగించిన ఒక డబ్బాలోనికి త్రిప్పిరి. ఆ డబ్బాలో సగమువరకు చల్లని నీరుండును. ఆవిరి ఆ నీటిలో పడి తిరిగి నీరగును. డబ్బాలోని నీరు సయితము మరుగ నారంభించినప్పుడు బండిని గాలికెదురుగ త్రిప్పి నిలుపుదురు. ఇంజను చల్లారినంతనే రేడియేటరులో శూన్యమేర్పడి, డబ్బాలోని నీరంతయు తనంత తాను వెనుకకు పీల్చుకొనబడును. చుక్క నీరు వృథాకాదు. బడిలో ఆవిరిని గురించి చదివిన విద్యార్థి ఎవడైనను దీనిని గ్రహింపగలడు. అయినను అంతవరకు ఎడారిలో కారులు నడిపినవారిలో బహుమంది నీరు పోయుచు పోయుచునే తిరిగిరి.

రెండవది దిక్కు. కారు ఇనుముతో నిండియుండుటచే అయస్కాంతపు సూచి అందు సరిగ పనిచేయదు. సూచి చూచుటకు ప్రతిసారి బండి దిగి దూరము నడచిపోవలెను. బాగ్నోల్డ్ దీనికి సూర్యుని ఆశ్రయించెను. డిగ్రీలు గుర్తించిన గుండ్రని పలక, దాని నడుమ నిటారుగ నిలిచిన సన్నని ఊచ - ఇంతే ఆ యంత్రము. గంట గంటకు సూర్యుడు ఏ దిక్కున ఉండునో ముందుగ లెక్కకట్టిన పట్టిక దగ్గర ఉంచుకొని, ఊచ నీడ ఏ గీతపై పడవలెనో చూచుకొనుచు బండి నడుపుట. బండి ఆపనక్కరలేదు. రాత్రులందు నక్షత్రములను కొలిచి, రేడియోలో వచ్చు కాలసంకేతమును విని, తాము భూమిపై ఏ అక్షాంశ రేఖాంశముల వద్ద నున్నది నిర్ణయించుకొనెడివారు. నావికులు సముద్రముమీద చేయు పనియే ఇది. సముద్రమునకు ఆ పేరు ఉత్తపుణ్యమునకు రాలేదు.

మూడవది చక్రము. ఎంత జాగ్రత్త పడినను బండి ఒక్కొక్కప్పుడు ఇరుసువరకు దిగబడకమానదు. కెయిరోలో పాత ఇనుము అమ్ముచోట వారికి కొన్ని ఉక్కు దోనెలు కనబడినవి. మొదటి యుద్ధకాలమున కందకములపై కప్పు వేయుటకు చేసినవవి. వానిని కొని తెచ్చి, దిగబడిన బండి చక్రముల ముందర ఇసుక త్రవ్వి, చక్రము క్రిందికి దూర్చి, వానిమీదుగ బండిని కదలింపవచ్చునని కనుగొనిరి. టైర్లలో గాలి తగ్గించినచో టైరు నేలపై వెడల్పుగ పరచుకొని, బరువు ఎక్కువ చోటుమీద పంచబడి, ఇసుకలో కూరుకొనదని గుర్తించిరి. ఒంటె పాదము వెడల్పుగను మెత్తగను ఉండుటలోని రహస్యమును ఇదియే. మనిషి వేయియేండ్లు ఒంటెపై ఎక్కి తిరిగి, కడకు దాని పాదమును చూచి నేర్చుకొన్నాడు.

ఇన్ని యున్నను దిబ్బ దిబ్బయే. దానిని ఎక్కుటకు ఇసుక స్వభావము తెలియవలెను. దిబ్బకు రెండు ముఖములు కలవు. గాలి వీచు వైపు ముఖము వాలుగ, పదిపదునైదు డిగ్రీల మెల్లని యేటవాలులో ఉండును. గాలి ఆ రేణువులను ఒక్కొక్కటిగ కొట్టి కొట్టి పరచుటచే అచటి ఇసుక గట్టిపడి బిగిసియుండును. గాలికి మరుగైన రెండవ ముఖము సుమారు 32 మొదలు 34 డిగ్రీల నిటారు వాలు. శిఖరము దాటి జారిపడిన ఇసుక అచట పోగువడును. అది పొట్టువలె మెత్తనిది. చూపునకు రెండును ఒక్కటియే బంగారువన్నె. కంటికి తేడా కనబడదు; చక్రమునకు కనబడును.

బారు ఎదుట నిలిచి, మెల్లమెల్లగ ఎక్కజూచినచో బండి దిగబడును. బాగ్నోల్డ్ దీనికి విరుద్ధమైన పద్ధతి నవలంబించెను. దూరమునుండియే గంటకు నలుబది మైళ్ల వేగమున దిబ్బకెదురుగ బండిని పరుగెత్తించెను. ప్రక్కన కూర్చున్నవానికి కనులముందు పసుపుపచ్చని గోడ ఒక్కటి లేచి ఆకాశమును కప్పివేసినట్లుండును. బండి ముక్కు పైకెత్తి, కుదుపు లేక, చప్పుడు తగ్గి, ఎవరో ఎత్తిపట్టుకొన్నట్లు పైకి పోవును. వేగము తగ్గునప్పటికి శిఖరము చేరువైయుండును. అచట ఆగవలెను; ఆగకున్న అవతలి జారుడు ముఖముపై పల్టీకొట్టుట నిశ్చయము. అయితే ఆగుటయు తెలిసి ఆగవలెను: మరల కదలునప్పుడు పల్లమువైపు పోవునట్లు బండి ముఖము త్రిప్పి ఆపవలెను. దిగునప్పుడు జారుడు ముఖముపై అడ్డముగ పోరాదు, నిలువుగ పోవలెను. అడ్డముగ పోయినచో బండి దొర్లును. నిలువుగ పోయినచో ఇసుకతోపాటు జారి నేల చేరును. ఆగవలసినచోట తటాలున బ్రేకు వేయరాదు. చక్రముల ముందు ఇసుక గుట్టపడి, అదియే గోతిగ మారును.

ఈ నియమములకన్న ముఖ్యమైన నియమము మరియొకటి యున్నది: ఎడారిలో ఒంటరిబండి పోరాదు. ఒక్క ఇరుసు విరిగినచో ఆ బండిలోనివారికి నడక తప్ప వేరుదారి లేదు. వంద మైళ్లకు నీరులేని నేలలో నడక అనగ ఏమో చెప్పనక్కరలేదు. కావున బండ్లు గుంపుగ పోవలెను. సామగ్రి అంతయు ఒకే బండిలో ఉంచరాదు. ఒక బండిని విడువవలసివచ్చినను మిగిలినవి అందరిని మోసికొని రాగలుగవలెను. ముందుబండి దారి చూచును. వెనుకవారు దాని జాడలో గట్టినేల ఏదో, మెత్తనినేల ఏదో తెలిసికొందురు. కడపటి బండివాడు మరమ్మతు ఎరిగినవాడై యుండవలెను. ఏల ననగ చెడినబండి ఎప్పుడును వెనుకనే మిగులును గదా! గుంపు నడక మందగొడి బండి నడకయే. ముందరివాని నేర్పు ఎంతటిదైనను, వెనుకవాడు కనబడునంత దూరములోనే అతని స్వేచ్ఛ.

1930లో ఈ మిత్రబృందము మహా ఇసుక సముద్రమును దాటి, దక్షిణమున ఊవెనాత్ కొండవరకు పోయి, నైలునది ఒడ్డున వాదీ హల్ఫాకు చేరెను. 1932లో నాలుగు కారులతో బయలుదేరి, ఈజిప్టునుండి సూడాను పడమటి భాగమువరకు చుట్టి, సుమారు 6,000 మైళ్లు తిరిగివచ్చెను. అందు చాల భాగము రోడ్డన్నమాట లేని నేల. ఈ కృషికి రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీవారు 1934లో బాగ్నోల్డునకు స్వర్ణపతకము నిచ్చి గౌరవించిరి.

ఆ కాలమున ఎడారిలో తిరుగువారందరిని ఊరించిన పేరు జెర్జూరా. ఇసుకలో మరుగుపడిన ఒక శ్వేతనగరము, అందు నిదురించు రాజు, రాణి, లెక్కలేని ధనము - ఇది అరబ్బుల పాతకథ. 1930లో వాదీ హల్ఫా చేరిన యాత్రికులు సరదాగ జెర్జూరా క్లబ్బు అని ఒకటి పెట్టుకొనిరి. తమ కళ్లకు జెర్జూరా దొరకినదని ఒక్కొక్కరు ఒక్కొక్కచోటు చూపిరి గాని, కథలోని నగరము ఎవరికిని దొరకలేదు. హంగేరీవాడైన లాస్లో ఆల్మాషీ సయితము ఆ ఊరునకై వెదకినవారిలో ఒకడు. ఆంగ్లేయులును, హంగేరీవారును, ఈజిప్టువారును ఒకే మంట చుట్టును కూర్చుండి, ఒకే పటముపై వ్రేళ్లుంచి మాటలాడుకొన్న దినములవి.

ఆ దినములు నిలువలేదు. 1940 జూనులో ఇటలీ యుద్ధమునకు దిగెను. లిబియా ఇటలీ చేతిలో నుండెను. ఈజిప్టు ఆంగ్ల సైన్యము రక్షణలో నుండెను. నడుమ ఎడారి యుండెను. దానిని దాటి ఎవరును రాజాలరని ఇరుపక్షములవారును నమ్మియుండిరి. అప్పటికి ఉద్యోగము విరమించి, యుద్ధముచే మరల పిలువబడి, దైవికముగ కెయిరో చేరియున్న బాగ్నోల్డ్ ఆ నమ్మకము తప్పని సేనాధిపతి వేవెలునకు చెప్పెను. ఆరు వారములలో ఒక దళము సిద్ధమైనది. అదే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్. మొదటి సైనికులు న్యూజీలండు రైతుబిడ్డలు. పిమ్మట భారత సైన్యమునుండి ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ సయితము 1942లో వీరితో కలిసి పనిచేసినది. సూర్యయంత్రము, నీటిడబ్బా, ఉక్కుదోనె - వినోదయాత్రలకు చేసిన ఉపకరణములన్నియు లారీలకెక్కినవి. అటు ఆల్మాషీ జర్మనులపక్షమున చేరి, 1942లో ఇద్దరు గూఢచారులను ఇదే ఎడారి దాటించి నైలు ఒడ్డున దింపెను. ఒక్క మంట చుట్టు కూర్చున్నవారు ఒకరి జాడ ఒకరు వెదకుకొనవలసివచ్చినది. విద్యకు పక్షము లేదు. నేర్చినవాడు దానిని ఎటు త్రిప్పిన అటు తిరుగును.

ఆ యుద్ధములో జరిగిన ఒక సంగతి గుంపు విలువ ఎట్టిదో తెలుపును. 1941 జనవరి 31న గెబెల్ షెరీఫ్ అను కొండవద్ద ఇటలీ దళము ఈ దళములోని బండ్లను కొన్నిటిని తగులబెట్టెను. నలుగురు సైనికులు రాళ్లలో దాగి మిగిలిరి. వారియొద్ద రెండు గ్యాలన్లకు మించని నీరు తప్ప చెప్పుకొనదగిన ఆహారము లేదు, కొందరు గాయపడినవారు. లొంగిపోవుటకు మారుగ, తాము వచ్చిన బండ్ల చక్రముల జాడ పట్టుకొని దక్షిణముగ నడువసాగిరి. మూర్ అను న్యూజీలండు సైనికుడు, పాదమునకు గాయము కలిగియు, పది దినములలో సుమారు 210 మైళ్లు నడచెను. ఫ్రెంచి సైనికులు కనుగొనునప్పటికి అతడింకను నడచుచునే యుండెను. నలుగురిలో ఒకరు చేయి అందినపిదప ప్రాణము విడిచిరి. ఇసుకపై పడిన చక్రపు గీత ఒక్కటియే వారికి దారి, తోడు, ఆశ.

యుద్ధమునకు ముందే బాగ్నోల్డ్ మనస్సు మరియొక దిక్కునకు మరలియుండెను. ఇన్ని దిబ్బలు ఎక్కి దిగినవానికి, అవి ఎట్లు పుట్టెనను ప్రశ్న విడువలేదు. గాలికి నియమము లేదు, ఇసుకకు నియమము లేదు. ఆ రెండు కలిసి కొలబద్దతో గీచినట్టి దిబ్బలను ఎట్లు కట్టుచున్నవి? 1935లో ఉద్యోగము విడిచి, లండనులోని ఇంపీరియల్ కళాశాలలో గాలిసొరంగము నొకదానిని కట్టి, అందు ఇసుక పోసి, గాలి వదలి, రేణువుల నడక కొలువసాగెను. 1938లో మరల ఎడారికి పోయి తన లెక్కలను నేలపై సరిచూచుకొనెను. 1941లో ఆ ఫలితములు గ్రంథముగ వెలువడినవి. 1944లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది.

అతడు కనుగొన్నది స్థూలముగ ఇది. గాలి ఇసుకను పొగవలె ఎగురవేయదు. సన్నని ధూళిమాత్రమే గాలిలో తేలి దూరము పోవును. ఇసుక రేణువు నేలనుండి చిన్న గంతు వేయును. ఆ గంతులో గాలి దానిని ముందుకు తోయును. అది వంపుగ వచ్చి నేలను తాకునప్పుడు మరికొన్ని రేణువులను గంతు వేయించును. గంతు వేయలేని పెద్దరేణువులు ఆ దెబ్బలకు నేలపై ప్రాకుచు జరుగును. రేణువు గట్టిరాతిపై పడినచో ఎత్తుగ ఎగిరి దూరము పోవును. మెత్తని ఇసుకపై పడినచో దెబ్బ చచ్చి అచటనే నిలుచును. అందుచే ఇసుక ఉన్నచోటికే ఇసుక చేరును. దిబ్బ దిబ్బను పెంచును. గాలివైపు ముఖమున పైకి ప్రాకిన రేణువులు శిఖరము దాటి అవతల జారును. ఈ విధముగ దిబ్బయే ముందుకు నడచును. అర్ధచంద్రాకారపు దిబ్బలు కొన్ని సంవత్సరమునకు పది మీటర్లకు మించి నడచును. చక్రమునకు ఒక ముఖము గట్టిగను, ఒక ముఖము మెత్తగను తగులుటకు కారణమిదియే. దిగబడిన కారు అడిగిన ప్రశ్నకు గాలిసొరంగము సమాధానము చెప్పినది.

ఈ యాత్రికులు శూన్యభూమికి మొదట వచ్చినవారమని తలంచియుండినచో అది పొరపాటు. దఖ్లాకు పడమట అబూ బల్లాస్ అను కొండవద్ద వందలకొలది మట్టికుండలు దొరకినవి. నాలుగువేలయేండ్లకు పూర్వము, ఒంటెలు లేని కాలమున, గాడిదల బిడారులవారు నీరు దాచుకొన్న కుండలవి. దారిపొడుగున పెట్రోలు డబ్బాలు పాతిపెట్టుకొన్న కారువారి యుక్తిని వారు అంత పూర్వమే ఎరుగుదురు. ఇసుక సముద్రపు దక్షిణభాగమున 1932లో పచ్చని సహజగాజు ముక్కలు చెల్లాచెదరుగ కనబడెను. టుటంఖమను సమాధిలో దొరకిన పతకము నడిమి పేడపురుగు బొమ్మను చెక్కినది ఆ గాజులోనే యని పిమ్మట తేలినది. రాజు మెడలోని గాజును ఆ దిబ్బలనుండి ఏరి తెచ్చిన మనుష్యుల పేర్లు ఏ సొసైటీ గ్రంథములలోను లేవు. ఊవెనాత్, గిల్ఫ్ కెబీర్ గుహలలో ఆవులు, జిరాఫీలు, ఈదుచున్నట్టి మనుష్యులు చిత్రింపబడియున్నారు. అక్కడ ఒకప్పుడు నీరుండెను, గడ్డియుండెను, ఊరుండెను.

ఆ చిత్రములను వేలయేండ్లు కాపాడినది ఇసుకయే, దూరమే. కారు ఆ దూరమును చెరిపివేసినది. తరువాతి కాలమున విహారయాత్రలకు గుంపులుగ బండ్లపై వచ్చినవారిలో కొందరు వన్నె తేరుటకై చిత్రములపై నీరు చల్లిరి, పేర్లు గీకిరి, రాతిపనిముట్లను సంచులలో వేసికొనిపోయిరి. దిబ్బలమీది చక్రపు జాడను ఒక గాలి తుడిచివేయును. గులకరాళ్ల మైదానముపై జాడ మాత్రము దశాబ్దములు నిలుచును. యుద్ధకాలపు లారీల గీతలు అచట కొన్నిచోట్ల నేటికిని కనబడుచున్నవి. నాడు పాతిన మందుపాతరలు సయితము ఈజిప్టు పడమటి ఎడారిలో మిగిలియే యున్నవి. ఎడారి ఏదియు మరువని నేల. దానిపై బండి నడుపువాడు ఏమి విడిచిపోవుచున్నాడో చూచుకొనవలెను.

బాగ్నోల్డ్ 1990లో తన 94వ యేట మరణించెను. అంగారకునిపై దిబ్బలు కలవని వ్యోమనౌకల ఛాయాచిత్రములు చూపినప్పుడు, వానిని చదువుటకు శాస్త్రజ్ఞులు తెరచినది అతని 1941 నాటి గ్రంథమునే. అంగారకునిపై గేల్ బిలములోని దిబ్బలకు అతని పేరే పెట్టిరి. క్యూరియాసిటీ అను యంత్రశకటము 2015 చివర ఆ దిబ్బలను చేరి పరిశీలించినది. పరగ్రహమున కదలుచున్న దిబ్బ చెంతకు ఒక బండి పోవుట అదే మొదటిసారి. అచటను రెండు ముఖములే, అచటను గంతులే. అంతకు ముందు 2009లో స్పిరిట్ అను శకటము అంగారకునిపై మెత్తనినేలలో దిగబడెను. భూమిపై ఇంజనీర్లు అట్టి నేలను తయారుచేసి, నమూనా శకటమును దించి, నెలల తరబడి ఉపాయములు వెదకిరి. 2010 జనవరిలో అది ఇక కదలదని ప్రకటింపవలసివచ్చినది. ఒంటరిబండి పోరాదన్న నియమమునకు అచట దారి లేదు. ఉక్కుదోనె దూర్చు చేయి లేదు. వెనుక వచ్చు బండి లేదు.

ఈ శాస్త్రమును చూచుటకు లిబియా పోనక్కరలేదు. ఉపాధ్యాయులు వేసవిలో పిల్లలను ఏటి ఒడ్డునకో, సముద్రతీరమునకో తీసికొనిపోయి, గాలి బలముగ వీచునప్పుడు పొడి ఇసుకపై వంగి చూడుమనవలెను. చీలమండవరకు రేణువులు గంతులు వేయుట, పైన గాలి నిర్మలముగ నుండుట, నేలపై చిన్న చిన్న అలలు పుట్టి మెల్లగ జరుగుట కనబడును. ఒక్కొక్క అలకు గాలివైపు ముఖము వాలు, మరుగుముఖము నిటారు. ఒక అలప్రక్కన పుల్ల గ్రుచ్చి, అది పుల్లను దాటిపోవుటకు ఎన్ని నిమిషములు పట్టునో గడియారము చూచి లెక్క వ్రాయించినచో, నూరు మీటర్ల దిబ్బ నడకకు అదే మొదటి పాఠము.